కాలే బండల మీద కరాటే

నిన్న వికారాబాద్‌లో మా పాపను కరాటే క్లాసులో దింపుతూ, అక్కడ పరిచిన రబ్బరు చాపను అరచేత్తో తాకి చూశాను.

"ఏం జూస్తున్నవ్ డాడీ?" అంది పాప. కాలుతుందేమోనని చూశానంటే నవ్వుతుందని, చెయ్యి దులుపుకుని లేచాను.

తాండూరు దోస్తులూ, మీకు గుర్తుండే ఉంటుంది. రాళ్ల పాలిష్ మిషన్ల వెనక, నాపబండలు పరిచిన ఆరుబయటే మన చిన్నప్పటి కరాటే క్లాసు. సాయంత్రమైనా వేడి దిగని ఆ బండల మీద రోజుకొకరం ముందే వచ్చి నీళ్లు చల్లేవాళ్లం. తడిసిన బండ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

ఒకరోజు నా వంతు మర్చిపోయాను. పిడికిళ్ల మీద పుషప్స్ మొదలుపెట్టగానే అందరూ "అబ్బా!" అన్నారు. సార్ తిట్టలేదు. "కానియ్యుండ్రి" అంటూ నా పక్కనే ఆ బండ మీద తన పిడికిళ్లు కూడా ఆనించారు. ఇరవైకే నాకు ఏడుపొచ్చింది. రేపటి నుంచి ఇక రావద్దనుకున్నాను.

యాభై పూర్తయ్యాక సార్ ఎర్రబడిన చేతులు వెనక్కి పెట్టుకుని, "రేపు సుత నీళ్లు నువ్వే సల్లాలె. జర జల్దీ రా" అన్నారు.

మరునాడు అందరికంటే ముందు వెళ్లాను. సార్ నిలబడే చోట రెండు బకెట్లు ఎక్కువే పోశాను.