ఎర్రదారంతో కుట్టిన అర్జీ

ఆ వీధి చివరనున్న పొడుగు గోడ జైలుది. సాయంత్రం ఆరింటికి లోపల గంట కొట్టగానే, దర్జీ అక్క మిషన్ పక్కన కూర్చుని పీలికలతో బొమ్మకు చొక్కా తొడుగుతున్న ఆరేళ్ళ మేనకోడలు టక్కున లేచేది. గుమ్మంలోకి పరిగెత్తి గోడవైపు చెయ్యి ఊపి, "నాన్నా, అన్నం తిను!" అని అరిచేది. నాన్న ఆ గోడ వెనకే ఉన్నాడని దాని నమ్మకం. లేడని చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

అసలు అతను ఉండాల్సింది ఇంట్లో. దర్జీ అక్క తమ్ముడు బడిపంతులు. మిల్లులో బాయిలరు పేలి చచ్చిపోయిన పదకొండుమంది పేర్లు వీధి మీటింగులో చదివి, "దీనికి మంత్రిగారు జవాబు చెప్పాలి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర అని రాసుకుని తీసుకుపోయారు. రెండేళ్ళయింది, విచారణ మొదలే కాలేదు. పోనీ కూతవేటు దూరంలో జైలుంది కదా, అందులో పెట్టారా? రెండు పగళ్ళూ రెండు రాత్రులూ రైల్లో కూర్చుంటే గాని రాని ఊళ్ళో పెట్టారు. వినేవాళ్ళకే ఒళ్ళు మండుతుంది, తోడబుట్టినదానికీ కట్టుకున్నదానికీ ఎలా ఉండాలి?

కట్టుకున్నదాని మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో మిషన్ పెట్టి రక్తం శుభ్రం చేయాలి. అంత దూరం రైలెక్కితే ప్రాణంతో తిరిగి రావడం కల్ల. అందుకని రెండేళ్ళుగా మొగుడి మొహం చూడలేదు, పిల్లకు చూపించనూ లేదు.

దర్జీ అక్క చదివింది ఐదో తరగతి. అయినా పట్టుబట్టి, తమ్ముణ్ణి ఈ ఊరి జైలుకు మార్చమని జైళ్ళ ఆఫీసుకు అర్జీ రాసింది. మరదలి జబ్బు గురించి డాక్టరిచ్చిన కాగితం జతచేసింది. రెండు నెలలకు జవాబొచ్చింది: "వైద్య ధ్రువపత్రం జతపరచనందున తిరస్కరించడమైనది." గుండుసూది ఊడిపోయిందేమో అనుకుని రెండోసారి దారంతో కట్టింది. అదే జవాబు. మూడోసారి స్వయంగా వెళ్ళి చేతికిచ్చి వచ్చింది. మళ్ళీ అవే అక్షరాలు.

"జవాబులు ముందే అచ్చేయించి దొంతర పెట్టుకున్నట్టున్నారు వదినా" అంది మరదలు.

దర్జీ అక్క మిషన్ ముందు కూర్చుంది. డాక్టరు దగ్గర మళ్ళీ రాయించుకొచ్చిన కాగితంతో సహా ఆరు కాగితాలూ అంచులు కలిపి, సూది కింద పెట్టి, ఎర్రదారంతో ఎడమ పక్కన రెండు వరుసలు కుట్టేసింది. డాక్టరు గుండ్రటి ముద్ర ఎడమ మూలన ఉంటే, కుట్టు సరిగ్గా దాని నడుమ నుంచి పోయేలా చూసుకుంది.

"కాగితాలు మిషన్ మీద కుడతారా ఎవరైనా? సూది మొద్దుబారిపోదూ!"

"పోతే సూది పోనీవే. కాగితం పోకుండా ఉంటే చాలు."

నాలుగో జవాబొచ్చింది. అక్షరం తేడా లేదు. దర్జీ అక్క మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి ఆఫీసుకు నడిచింది.

కిటికీ వెనక గుమాస్తా తల ఎత్తలేదు. "మీరు జత చేయలేదమ్మా. చేస్తే ఎక్కడికి పోతుంది?"

"నేనూ అదే అడుగుతున్నా బాబూ. ఫైలు తియ్యి."

"బయటివాళ్ళకి చూపించం."

"చూపించేదాకా ఇక్కడే నిలబడతా. పొద్దస్తమానం కూర్చుని కుట్టీ కుట్టీ నడుం పట్టేసింది, నిలబడితే నాకే మంచిది."

వెనక వరుసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. "తీసి చూపించండి సార్, మా పనులూ అవ్వాలి!" అన్నారెవరో. ఆ గోలకు లోపలి గదిలోంచి ఆఫీసరే వచ్చి, ఫైలు తెప్పించి బల్లమీద పడేశాడు.

"లెక్కపెట్టుకో. ఐదే ఉన్నాయి."

ఆమె లెక్కపెట్టలేదు. బట్ట నాణ్యం చూసినట్టు కుట్టు దగ్గర బొటనవేళ్ళతో విప్పదీసింది. మూడో కాగితానికీ తర్వాతి దానికీ మధ్య, ఎర్రదారం కింద వేలెడు వెడల్పున చిరిగిన పేలిక ఉంది. దానిమీద సగం ముద్ర.

"ఇదేంటి సార్?"

"ఏదో ముక్క."

"ముక్కే. దొంగవెధవ చొక్కా చింపుకుపోయి కాలరు నా చేతిలో వదిలేశాడు."

"పొరపాటున చిరిగుంటుందమ్మా."

"నాలుగుసార్లూ పొరపాటేనా? ఆరు కాగితాల్లో మా మరదలి జబ్బు కాగితమే చిరుగుతుందా? మీ జవాబులో మాత్రం ఒక్క పొల్లు కూడా తప్పు పోదే! మా వాడు నేరం చేశాడంటే విచారించండి, ఎవరొద్దన్నారు? జబ్బుమనిషికీ పసిపిల్లకీ ఈ శిక్ష దేనికి వేశారు? అది చెప్పండి, ఇంటికెళ్ళి పిల్లకి చెప్పుకుంటా."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పైనుంచి చెప్పారమ్మా" అని గొణిగాడు.

"పైనున్నాయనకి పేరుండదా?"

'ధ్రువపత్రం జతచేసి ఉండగా ఆఫీసులో చినిగినది' అని ఆఫీసరు చేత రాయించి, ముద్ర కొట్టించి, నకలు పుచ్చుకున్నాకే ఆమె అక్కణ్ణుంచి కదిలింది. మర్నాడు తమ్ముడి కేసు చూస్తున్న వకీలు ఆ నకలు జడ్జిగారి ముందు పెట్టాడు.

నెల తిరక్కుండా తమ్ముణ్ణి వీధి చివరి జైలుకు తెచ్చారు. ఆ ఉత్తర్వులో 'దయతో' అని రాశారు. దయట! మనిషిని రెండేళ్ళు ఊరికే కూర్చోబెట్టి, దగ్గర్లో కూర్చోబెట్టడం దయట!

ములాఖత్ గదిలో జాలీకి ముక్కు ఆనించి పిల్ల నిలదీసింది. "రోజూ పిలుస్తుంటే పలకవేం?"

అతను తెల్లబోయి అక్క వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే బతిమాలింది.

"వినబడలేదమ్మా" అన్నాడు. "ఇవాళ్టి నుంచి వింటా."

మరదలు జాలీ పట్టుకుని మొగుణ్ణి చూస్తూ ఉండిపోయింది. దర్జీ అక్క తమ్ముణ్ణి నఖశిఖపర్యంతం చూసింది. పాత కొలతలతో కొత్త చొక్కా కుట్టి తెచ్చింది గాని, భుజాలు రెండంగుళాలు తగ్గిపోయాయి.

"చొక్కా బిగించాలేమో వదినా" అంది దారిలో మరదలు.

"ఏం అక్కర్లేదు. ఇంటికొచ్చాక మనిషే ఒళ్ళు చేస్తాడు."

ఇల్లు చేరగానే ఆమె మిషన్ మీది బట్టలు పక్కకు తోసి కాగితాలు పేర్చింది. విచారణ ఏ తేదీన మొదలుపెడతారో చెప్పమని అర్జీ. ఈసారి మూడు వరుసలు కుట్టింది.