నాలుక మీద జొన్నగింజ

నిన్న మాచర్ల సంతలో ఒకామె చేటలోని జొన్నలు రేకు డబ్బాలోకి ఒంపుతోంది. ఆ గలగల చెవిన పడగానే నా నోరు దానంతటదే మూసుకుంది. పక్కనున్న మిత్రుడు కంగారుపడి, "ఏంది మాస్టారూ, పన్ను నొప్పా?" అన్నాడు. నేను కాసేపు మాట్లాడకపోతే జనం జబ్బు చేసిందనే అనుకుంటారు. నొప్పి కాదు, మార్తమ్మ గారు గుర్తొచ్చారు.

సాగర్ డ్యాము కడుతున్న రోజుల్లో నేను నరసరావుపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నాను. మార్తమ్మ గారు మాకు మనస్తత్వ శాస్త్రం చెప్పేవారు. మద్రాసులో చదివొచ్చారు. మనిషి సన్నం, గొంతు అంతకంటే సన్నం. వెనక గదిలో ఆవిడ పావురాలను పెంచేవారు, కూర వండటానికి కాదని తెలిసి మా హాస్టల్ వంటవాడు చానా బాధపడ్డాడు. వడ్రంగి చేత ఒక పెట్టె చేయించారు. అందులో పావురం ముందు చిన్న చెక్కబిళ్ళ ఉంటుంది. వెంటనే పొడిస్తే ఒక్క జొన్నగింజ పడుతుంది, గంట మోగేదాకా ఆగి పొడిస్తే గుప్పెడు పడతాయి. గంట కొట్టడం మా పని, తొందరను కొలవడం ఆవిడ పని.

"దుడుకు, దుడుకు అంటాం. అదేమిటో ముందు తేల్చుకోవాలి గదా," అనేవారు. "ఆగితే ఎక్కువ దొరుకుతుందని తెలిసీ ఆగలేకపోవడం ఒకటి. సరిగ్గా చూడకుండా దూకడం ఒకటి. మొదలుపెట్టింది ఆపలేకపోవడం వేరే. అన్నిటికీ ఒకే పేరు పెట్టేస్తే, కొలిచింది ఏదో..."

"అన్నీ ఉన్నవాణ్ణి ఏమంటారండీ?" అన్నాను.

"నా మాట పూర్తి కాకుండానే అడిగావు. నువ్వే చెప్పు," అన్నారు.

ఆ పావురాల్లో ఒక బూడిదరంగుది ఉండేది. గంట మోగేదాకా బిళ్ళ వైపు చూసేది కూడా కాదు. దాని నిబ్బరానికి ముచ్చటపడి పెద్దాయన అని పేరు పెట్టాను. మార్తమ్మ గారు మాత్రం అంత ఓపికను నమ్మలేదు. వాచ్‌మన్ భార్య రత్తమ్మను పిలిచి, "దీనికేమైనా పెడుతున్నావా?" అని అడిగారు.

"పాపం, ఆకలితో గుటకలేస్తంటే చూళ్ళేక రోజూ గుప్పెడు జొన్నలేస్తన్నానమ్మా. ఏంది, తప్పా?"

ఆవిడ కోప్పడలేదు. పెద్దాయన ఫలితాలన్నీ కొట్టేసి, "మనం కొలిచింది ఓపికను కాదురా, నిండిన కడుపును," అన్నారు. అలాంటి పెద్దమనుషులను ఆ తరవాత చాలామందిని చూశాను.

నా సంగతి కూడా అప్పుడే ముదిరింది. శిక్షణలో భాగంగా బడిపిల్లలకు చెప్పే అభ్యాస పాఠాల్లో నేను ప్రశ్న వేస్తాను. పిల్లవాడు నోరు తెరుస్తాడు, జవాబు నా నోట్లోంచి వస్తుంది. ప్రిన్సిపాలు గారు అందరి ముందూ, "ఇతడు దుడుకు మనిషి, బడికి పనికిరాడు. చివరి పాఠంలోనూ ఇంతే అయితే తప్పించేస్తాను," అన్నారు. మా నాన్న నాపరాళ్ళ క్వారీలో కూలీ. నేను తప్పితే ఆయన పక్కన సుత్తి పట్టుకోవాలి. నా చేతులు చూస్తే సుత్తికే జాలి వేస్తుంది.

ఆ సాయంత్రం మార్తమ్మ గారు పావురాల గదికి పిలిచారు. "పిల్లల బదులు నువ్వు చెప్పే జవాబులు తప్పా?"

"కాదండీ."

"అయితే చూడకుండా దూకడం కాదు. ఆపమంటే ఆపుతావు, అదీ కాదు. ముందే చెప్పేస్తే నీకు దొరికే గింజా ఏమీ లేదు. మరి పిల్లవాడు తడబడుతుంటే నీకేమవుతుంది?"

ఒక జోకు సిద్ధంగానే ఉంది, ఎందుకో బయటికి రాలేదు. "ఊపిరాడదండీ. అందరూ వాణ్ణే చూస్తుంటారు గదా," అన్నాను.

"దాన్ని దుడుకు అనరురా. భయం అంటారు. పావురం ఆగింది ఓపికతో కాదు, నువ్వు ఆగనిది దుడుకుతో కాదు." నా చేతిలో ఒక జొన్నగింజ పెట్టారు. "నాలుక మీద ఉంచుకో. పిల్లవాడు చెప్పడం అయ్యాక తీసి నాకు చూపించు. నమలకూడదు."

చివరి పాఠం రోజున వెనక బెంచీ మీద ప్రిన్సిపాలు గారు, ఆయన పక్కన జొన్నల పొట్లంతో మార్తమ్మ గారు కూర్చున్నారు. "కురిసిన వాన ఎక్కడికి పోతుంది?" అని అడిగి, చటుక్కున గింజ నోట్లో వేసుకున్నాను. కోటిగాడు లేచాడు. "భూమిలోకి పోయి... పోయి..." అని ఆగిపోయాడు. పిల్లలు నవ్వారు. గది మొత్తం వాణ్ణే చూస్తోంది. నేను గింజను అంగిలికి నొక్కిపెట్టి నిలబడ్డాను.

"బావిలోకి! బావిలోకి అనరా!" అని అరిచింది నేను కాదు. ప్రిన్సిపాలు గారు.

కోటిగాడు ఆయన వైపు తిరిగి, "కాదండీ. రాళ్ళ సందున ఆగుద్ది. మా అయ్య క్వారీలో గుంట కొడితే ఆడనుంచే ఊరుద్ది," అన్నాడు.

నేనైనా బావి అనే అందించేవాణ్ణి. క్వారీ ఇంట్లో పుట్టి కూడా. మార్తమ్మ గారు జొన్నల పొట్లాన్ని ప్రిన్సిపాలు గారి వైపు కొంచెం జరిపారు. ఆయన దగ్గి, నా కాగితం మీద సంతకం పెట్టారు.

బయట వరండాలో ఆవిడ చెయ్యి చాపారు. గింజ తీసి పెట్టాను. వెలుతురుకేసి పట్టుకుని చూసి, "నానింది," అన్నారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆవిడ నోట ఎవరూ వినలేదు.

ఇప్పుడు గురజాల దగ్గర బడిలో పనిచేస్తున్నాను. జేబులో జొన్నలు తప్పనిసరి. "ఈ చొక్కాని ఉతకాలో, దున్నాలో చెప్పండి," అంటుంది మా ఆవిడ. చాలా రోజులు గింజ నాని బయటికొస్తుంది, కొన్ని రోజులు నలిగి వస్తుంది. నలిగిన రోజున తరగతిలో భయపడింది ఎవరో నాకు తెలుస్తుంది. లేచి నిలబడ్డ పిల్లవాడైతే కాదు.