ఎడమ కాలు లావెక్కిన వారం

రెండో కాన్పు అయి నాలుగేళ్లయినా నా తొడలూ పిరుదులూ తగ్గలేదు. మొహం పీక్కుపోయింది, చేతులు సన్నబడ్డాయి, నడుం కింద మాత్రం అలాగే ఉంది. ఫోన్‌లో వీడియోలు చూసి నేనే మొదలుపెట్టాను. పిల్లల్ని స్కూలు బస్సెక్కించి వచ్చి, ఉక్కునగరంలోని మా క్వార్టర్ తలుపు గడియ పెట్టుకుని, తొడలకు ప్లాస్టిక్ కవర్ చుట్టి, పైన ఎలాస్టిక్ బెల్టు బిగించి గుంజీలు తీసేదాన్ని. చెమట పడితే కొవ్వు కరుగుతుందన్నారు. ఒళ్లు బరువెక్కుతుందని నీళ్లు కూడా తగ్గించాను.

నెల తిరిగేసరికి కుడి తొడ అంగుళం తగ్గింది. ఎడమది తగ్గకపోగా, కింద పిక్క అంగుళమున్నర పెరిగింది. టేపు సరిచేసి మళ్లీ కొలిచాను. అంతే ఉంది.

మా అమ్మకు బోదకాలు. ఆ కాలితోనే సముద్రపొడ్డు పేట నుంచి ఊరంతా తిరిగి చేపలమ్మి మమ్మల్ని పెంచింది. చిన్నప్పుడు పూర్ణా మార్కెట్‌లో జనం ఆమె కాలి వంక చూస్తుంటే నేను కావాలనే రెండడుగులు వెనకబడేదాన్ని. ఆ కాలు ఏనాటికైనా నాకూ వస్తుందని భయం. వచ్చేసిందనుకున్నాను.

మా ఆయనకు చెప్పలేదు. వదులు ప్యాంట్లు వేసుకుని, రోజూ కొబ్బరినూనె రాసి గట్టిగా మర్దన చేసుకున్నాను. గుంజీలు ఇంకో ఇరవై పెంచాను. ఐదో రోజుకి కాలు కింద మోపితే పిక్కలో కత్తి దిగినట్టుండేది.

ఆ శనివారం అమ్మ చేపలు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నా నడక పట్టేసింది.

"ఏటే, అలగ కుంటుతన్నావు?"

"ఏటీ లేదమ్మా. ఎక్సర్‌సైజులు సేత్తన్నాను కదా, పట్టేసింది."

"సూపించు."

నేను కదల్లేదు. అమ్మే వంగి ప్యాంటు పైకి లాగింది. చర్మం ఎర్రగా, బిగుతుగా మెరుస్తోంది. చెయ్యి వేసి వెంటనే తీసేసింది.

"అమ్మా, వారంలోనే నాకూ నీలాగే వచ్చేసింది," అని ఏడ్చాను.

"నా కాలు నాకు తెల్దా? నాది లావెక్కడానికి ఏళ్లు పట్టింది. ఇలగ వారంలో ఉబ్బనేదు, ఇలగ నిప్పులా కాలిపోనేదు. ఇది ఇంకేటో. లే, డాట్రు దగ్గరికెల్దాం."

ఆటోలో సీతమ్మధార చేరేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నారా అని అడిగింది. అవునన్నాను. బెల్టు సంగతి, నీళ్ల సంగతి చెప్పాను. మర్దన సంగతి చెప్పగానే ఆమె రాయడం ఆపేసింది.

"ఇక ఆ కాలు ముట్టుకోకండి. నడవకండి కూడా."

వీల్‌చైర్‌లో స్కానింగ్‌కి తీసుకెళ్లారు. కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందట. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదమని, అందుకే ఇప్పుడే చేర్చుకుంటున్నామని చెప్పింది.

ఆ మంచం మీద ప్రతి శ్వాసనూ అనుమానంగా పీల్చాను. దగ్గు వస్తే చచ్చిపోతున్నానేమో అనుకున్నాను. నా చేతులతో నేనే ఆ గడ్డను ఎన్నిసార్లు పిసికానో గుర్తొచ్చి చెమటలు పట్టేవి. గడ్డ పెరగకుండా పొట్టలో ఇంజెక్షన్లు ఇచ్చారు. పొద్దున నర్సు వచ్చి పాదం కదపమన్నా భయపడి కదపలేదు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, "మెల్లగా, నానున్నాను కదా," అంటే అప్పుడు కదిపాను.

ఆరు నెలలు రక్తం పలచబడే మాత్రలు వాడాను. గర్భం రాకుండా వాడిన మాత్రలూ, బెల్టూ, నీళ్లు తాగకపోవడమూ, వీటిలో ఏది కారణమో ఖాయంగా చెప్పలేమన్నారు. ఒక్క తొడల దగ్గరే కొవ్వు తగ్గించే వ్యాయామం లేదని మాత్రం డాక్టరమ్మ ఖాయంగా చెప్పింది. ఇప్పుడు సాయంత్రాలు మా సెక్టార్ రోడ్డు మీద నడుస్తాను. తొడలు పెద్దగా తగ్గలేదు. ఎప్పుడైనా పిక్క పట్టేస్తే మాత్రం రోడ్డు మధ్యలోనే ఆగిపోయి, రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో వంగి చూసుకుంటాను.