నూనెలో చూడని ముఖం

మా ఫౌజీ బృందం సూరత్‌లో దిగేసరికి ఉదయం ఆరున్నర. వాన. ఖాడీ వాగు పొంగి వడోద్ గల్లీల్లో ఛాతీలోతు నీళ్లు. ఆర్డర్ ఒక్కటే: డాబాల మీద చిక్కుకున్నవాళ్లను రబ్బరు పడవలో బయటికి తేవాలి. పడవకు ముగ్గురం. హవల్దార్, మోటారు జవాను, నేను. అక్కడ మగ్గాల మీద పనిచేసేవాళ్లలో మనవాళ్లు చాలామంది. అందుకే హవల్దార్ నన్ను ముందు కూర్చోబెట్టాడు. "తెలుగు నీది. అరిచే పని కూడా నీదే" అన్నాడు హిందీలో. నాకు పండగే!

మధ్యాహ్నం ఒక డాబా దగ్గర ఆగాం. టార్పాలిన్ కింద ఒక బాలింత, ఆ పొద్దునే పుట్టిన మగబిడ్డ, ఆమె తల్లి. ఇంకో మూలన మాకు వీపు పెట్టి, పిట్టగోడనే చూస్తూ బాలింత అన్న.

"ఆయనకేమైంది అవ్వా?"

"పోరడు పేగు మెళ్లేసుకొని పుట్టిండు సారూ. మేనమామ గండం. ముందుగాల నూనెల పోరని నీడ చూడకుండ మొకం చూస్తే నా కొడుకు దక్కడు. నూనె డబ్బా కిందింట్ల మునిగింది."

బిడ్డ ఉన్న పడవ అన్న ఎక్కనంటాడు. అన్న రాకుంటే చెల్లెలు కదలనంటుంది. ఆమె ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. "పుట్టి పూట గాలే, అప్పుడే నా కొడుకు పాపాత్ముడాయెనా?" అని ఒకటే ఏడుపు.

వైర్‌లెస్ మోగింది. "ఎందుకు ఆగారు?"

"నూనె సమస్య సాబ్" అన్నాడు హవల్దార్.

మోటారు జవాను దగ్గర ఇంజిన్ ఆయిల్ ఉంటే నేను తినే మెస్ టిన్‌లో పోశాను.

"గిది నువ్వుల నూనె గాదు బిడ్డా!" అంది అవ్వ.

"ఫౌజీ నూనె అవ్వా. దీన్ని చూస్తే గండమే ఉరుకుతది."

టిన్ పట్టుకుని ఆ అన్న దగ్గరికి వెళ్లాను. ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది. "అన్నా, నేను గూడ పేగు మెళ్లేసుకొనే పుట్టిన."

అతను తల తిప్పలేదు. "మరి మీ మామ?"

"గుండ్రాయి లెక్క ఉన్నడు. నన్ను నూనెల గూడ చూసిండు. అయినా భయం పోలే. ఒక్కనాడు ఎత్తుకోలే. ఆయనను జూసి ఊరంత నన్ను శనిగాడన్నరు. అన్నంక నేను ఊకుంటనా? ఒక్క వీధిలైటు బతకనియ్యలే."

"మామ ఎత్తుకోకుంటేనే గట్లయితరా?"

"నాకైతే అయింది."

అతను టిన్‌ను చేత్తో పక్కకు నెట్టాడు. చెల్లెలి దగ్గరికి నడిచి "ఇటియ్యే" అన్నాడు. అవ్వ "వద్దుర కొడకా!" అని లేచేలోపే బిడ్డ అతని చేతుల్లో ఉన్నాడు. మామ కళ్లు గట్టిగా మూసుకుని, తర్వాత మెల్లగా తెరిచాడు. బిడ్డ నోరంతా తెరిచి ఆవలించాడు.

"ఏందిర అల్లుడా, మామను చూడంగనే నిద్రా?" మామ పకపకా నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది, ఏడుస్తూనే. మోటారు జవాను తన నూనె తనకిమ్మని గొడవ.

అందరం పడవెక్కాక దారిపొడవునా డాబా డాబాకూ మామ కేకే. "నా అల్లుడు పుట్టిండు!" హిందీవాళ్లకు "మేరా భాంజా!" గుజరాతీవాళ్లకు "మారో భాణేజ్!" హవల్దార్ "బైఠో!" అని ఎంత గద్దించినా వింటేనా? డాబాల మీద జనం తడుస్తూనే చప్పట్లు కొట్టారు. నాకు ఆ పసివాడి మీద కుళ్లు పుట్టింది. అంతకు పదింతలు సంతోషమేసింది.

మేం సూరత్ వదిలేలోపు బాలింతకు జ్వరం తగ్గిందని కబురొచ్చింది.

కొన్నేళ్లకు ఫౌజు వదిలి ఇంటికొచ్చాను. మా మామ పెళ్లిళ్లలో కలుస్తుంటాడు. ఇప్పటికీ నా భుజం మీదుగా ఎటో చూస్తూ మాట్లాడతాడు. నాకు కోపం రాదు. ఆ సమయంలో నా కళ్లముందు వేరే మామ ఉంటాడు. పడవలో నిలబడి, టార్పాలిన్ ముక్కలో చుట్టిన అల్లుణ్ణి అందరూ చూడాలని రెండు చేతులా పైకెత్తి ఉంటాడు.