శ్రీనిధి అన్న పేరుతో హాస్టలే లేదు

ఒక అక్క తన సొంత చెల్లెను అనుమానించింది. ఆ అనుమానం అబద్ధమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ నోరు తెరవలేదు. ఏండ్లు గడిచినయి. ఈ బరువు మోసుకుంటనే చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలు కొన్న, పెండ్లిళ్లకు పోయిన, పదిమందిలో నవ్విన గూడ. లోపల మాత్రం కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తది. లేస్తే ఎటు పోవాల్నో తెల్వదు.

మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్పగలుగుతున్న. నా పేరు మాత్రం అడగకుండ్రి. పేరు పెట్టి రాసే ధైర్యమే ఉంటే అప్పుడే చెప్పేదాన్ని కదా.

అప్పుడు నేను అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ కంపెనీలో పని చేసేదాన్ని. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు క్లాసులు చెప్పే కంపెనీ, జిల్లాల్లో గూడ బ్రాంచీలుండేవి. అడ్మిషన్ల కంప్యూటర్ పని మొత్తం నాదే. పిల్లల ఫోటో, ఆధార్, ఫోన్ నంబరు, ఉంటున్న హాస్టల్ పేరు, గల్లీ, రూము నంబరు, అన్నీ నా చేతుల మీదుగనే ఎక్కేవి.

మంజుల అట్లనే వచ్చింది. మహబూబ్‌నగర్ దిక్కు పిల్ల. అమ్మానాయనలు ఇక్కడనే ఒక బస్తీలో ఉండి బిల్డింగు పనులకు పోయేటోళ్లు. మొగుడు కొడుతుంటే తట్టుకోలేక బయటపడ్డది. తల్లిగారింట్ల ఉంటే వెతుక్కుంట వస్తడని, అశోక్ నగర్ హాస్టల్‌లో చేరి చదువుకుంటున్నది. ఎక్కడున్నదో చెల్లె స్వప్నకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఇదంతా నాకెట్ల తెలుసంటే, తనే చెప్పింది. అడ్మిషన్ రోజు హాస్టల్ పేరు దగ్గర ఆగిపోయి, ఇది ఇయ్యకుంటే నడవదా మేడం అని అడిగింది. ఎందుకమ్మా అంటే, గొంతు తగ్గించి ఈ కథ చెప్పింది. నేను భుజం తట్టి, ఇది మా కంప్యూటర్ దాటి ఎటూ పోదు, భయపడకు అన్న. ఆ పిల్ల నమ్మింది. నేను గూడ నమ్మే అన్న, అప్పుడు.

తర్వాత కొన్ని వారాలకు, పిల్లలకు మెసేజులు పంపే బయటి కంపెనీ వాళ్లు మా పిల్లల ఫోన్ నంబర్లు అడిగిన్రు. నంబర్లు వేరు చేసి పంపాలంటే పని. మొత్తం ఫైలు ఇంటర్నెట్‌లో పెట్టి లింకు పంపిన. పాస్‌వర్డ్ పెట్టలేదు. పెడితే మళ్ల ఫోన్ చేసి సతాయిస్తరని. వాళ్లు తీసుకున్నంక తీసేద్దామనుకున్న. మర్చిపోయిన. నిజంగ మర్చిపోయిననా, లేక బద్ధకానికి ఆ పేరు పెట్టుకుంటున్ననా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్ననో. జవాబు ప్రతిసారీ మారుతది.

మా పిల్లలకు వేరే కోచింగుల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. పేరు పెట్టి పిలుస్తున్నరు, ఏ పరీక్షకు చదువుతున్నరో గూడ చెప్తున్నరు. ఒకరోజు మా లెక్చరర్ ఒకాయన తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టిండు. అందులో మా ఫైలు. మొత్తం. ఎవరో వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుంటున్నరు. ఆ నిమిషమే లింకు మూసేసిన. కాని నీళ్లు కారిపోయినంక నల్లా కట్టేస్తే ఏం లాభం?

డైరెక్టర్ సార్ కంపెనీ లాయరును పిలిపించిండు. ఆయన సూటిగనే చెప్పిండు. ఇట్లాంటిది జరిగితే సర్కారుకు వెంటనే తెలియజేయాలె. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇయ్యాలె. అన్నింటికన్న ముందు పిల్లలకు చెప్పాలె, ఏమేం బయటికి పోయినయో దాచకుండ. అప్పుడు వాళ్లు పాస్‌వర్డులు మార్చుకుంటరు, ఆధార్ వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండ తాళం పెట్టుకుంటరు, ఎవరన్న ఓటీపీ అడిగితే జాగ్రత్త పడతరు. ఎవరికన్న ప్రాణభయం ఉంటే ఉన్న చోటు మారుతరు అని గూడ అన్నడు. ఆ మాటకు నాకు మంజుల యాదికొచ్చింది. వచ్చి, పోయింది.

ఉద్యోగాల నోటిఫికేషన్ పడి అడ్మిషన్లు జోరుమీదున్న టైం అది. జర ఆగుదాం, ఈ సీజన్ అయిపోనియ్యి అన్నడు డైరెక్టర్. లాయరు తన కాగితాలు మడుచుకొని పోయిండు. నేను తలకాయ ఊపిన. ఊపడమేంది, నా పానం లేచొచ్చింది. ఎందుకంటే అందరికీ చెప్తే, లింకు ఎవరు పెట్టిన్రన్న ప్రశ్న వస్తది. ఆయన వ్యాపారం చూసుకున్నడు. నేను నన్ను చూసుకున్న. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ తప్పో తేల్చుకోలేక శానా రోజులు కొట్టుకున్న. ఇప్పుడనిపిస్తది, ఆ లెక్క వేసుకోవడం గూడ తప్పించుకోవడమే.

ఆ తర్వాత ఒక పొద్దున మంజుల చాయ్ తాగుదామని హాస్టల్ కిందికి దిగింది. మొగుడు అక్కడ నిలబడి ఉన్నడు. చెయ్యి పట్టి గుంజిండు, మెలిపెట్టిండు. చాయ్ బండి దగ్గరున్నోళ్లు ఉరికొచ్చి విడిపించేలోపే కుడిచేతి మణికట్టు విరిగింది. పరీక్ష దగ్గరికొచ్చిన రోజులు. రాసే చెయ్యి అది.

కట్టుతోనే మా ఆఫీసుకు వచ్చింది. నా ఎదురుంగ కూర్చున్నది. ఆ రోజు మేం మాట్లాడుకున్నది ఒక్క అక్షరం పొల్లుపోకుండ నాకు యాదున్నది.

"మేడం, నా అడ్రస్ మీ దగ్గర నుంచి ఎటన్న పోయిందా?"

"ఎందుకమ్మా, ఏమైంది?" అన్న. ఏమైందో గల్లీలో అనుకుంటుంటే అప్పటికే విన్న.

"ఆయనకు ఎట్ల తెలిసిందని పోలీసులు అడుగుతున్నరు. ఉచితంగ కేసులు చూసే లాయరమ్మ ఉన్నది. మీ దగ్గర నుంచి పోయిందని మీరు రాసిస్తే, దాని మీద వేరే కంప్లయింట్ పెడదామన్నది. గల్లీ తెలిసొచ్చిండు మేడం, రూము నంబరు గూడ తెలిసొచ్చిండు. హాస్టల్ పేరొక్కటే తప్పు చెప్పిండంట. శ్రీనిధి హాస్టల్ ఏడున్నదని చాయ్ బండి దగ్గర అడిగిండంట. మాది శ్రీనివాస కదా. మా గల్లీలో శ్రీనిధి అన్న పేరుతో హాస్టలే లేదు."

ఆమె మాట్లాడుతుంటే నా చేతులు వాటంతటవే ఆమె వివరాలు తెరిచినయి. నా ముందు స్క్రీన్ మీద ఉన్నది. శ్రీనిధి. ఆ రోజు పక్కనోళ్లతో మాట్లాడుకుంట నేనే తప్పు కొట్టిన. ఆ తప్పు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, మా కంప్యూటర్‌లో తప్ప. మా ఫైలులో తప్ప.

స్క్రీన్‌ను జర నా దిక్కు తిప్పుకున్న.

"మా దగ్గర నుంచి ఏం పోలేదమ్మా. నీ వాళ్లెవరన్న నోరు జారిన్రేమో చూసుకో."

"నా వాళ్లంటే స్వప్న ఒక్కదానికే తెలుసు మేడం." కట్టు సర్దుకున్నది. "దానికి చిన్నప్పటి నుంచి పేర్లు సరిగ్గ యాదుండవు. ఒకటంటే ఇంకోటంటది."

"అయ్యుండొచ్చు" అన్న.

అంతే. ఆ ఒక్క మాట. లింకు సంగతి తెల్వక జరిగిందనుకోవచ్చు, మౌనం భయంతో అనుకోవచ్చు. ఈ మాటకు ఏం పేరు పెట్టాలె? నా తప్పును నా చేతులతోనే తీసి ఇంకో ఆడపిల్ల నెత్తిన పెట్టిన. ఆమె లేచి, థ్యాంక్స్ మేడం అని చెప్పి పోయింది.

మంజుల పరీక్ష రాయలేదు. హాస్టల్ మారింది, నంబరు మార్చింది, ఏదీ చెల్లెకు చెప్పలేదు. స్వప్న నారాయణగూడలో ఒక చీరల దుకాణంలో పని చేస్తుండె. అక్క జాడ కోసం మా గేటు దగ్గరికొచ్చి నిలబడేది. ఒకరోజు లోపలికొచ్చి, నేనెవరికీ చెప్పలేదు మేడం, ఒట్టు, మా అక్కకు మీరన్న చెప్పున్రి అని ఏడ్చింది. నేను మంచినీళ్లిచ్చిన. నీళ్లే ఇచ్చిన.

ఆ ఏడాదే ఉద్యోగం మానేసిన. మానేస్తే అయిపోతదనుకున్న. కాలేదు. నారాయణగూడ చౌరస్తా దాటాల్సి వస్తే ఆ దుకాణం కనబడకుండ వెనక గల్లీలకెళ్లి తిరిగిపోయేదాన్ని. బస్సులో ఎవరన్న కట్టు కట్టిన చేతితో ఎక్కితే దిగిపోయేదాన్ని. తెల్వని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తకుండ చూసుకుంట కూర్చునేదాన్ని. ఆమె అయ్యుంటదా? ఆమె అయితే బాగుండు. కాకుంటే బాగుండు.

ఈమధ్య నాకొక మెసేజ్ వచ్చింది. నేను రక్తపరీక్షలు చేయించుకునే ల్యాబు నుంచి. మా దగ్గర నుంచి మీ వివరాలు బయటికి పోయినయి, క్షమించండి, ఇప్పుడు మీరు ఇవి చేసుకోండి అని. వాళ్లు చెప్పినట్టే చేసుకుంట కూర్చున్న. పాస్‌వర్డులు మార్చిన, ఆధార్ వేలిముద్రలకు తాళం పెట్టిన, నా పేరు మీద ఎవరన్న లోన్ తీసుకున్నరా అని చూసుకున్న. ఒక పూట పని. ఆ పూట అయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు. నా షుగరు రిపోర్టు పోయినందుకు నాకింత జాగ్రత్త చెప్పిన్రు. మంజులకు ఒక్క మాట చెప్పి ఉంటే? నీ అడ్రస్ బయటపడ్డది, వేరే చోటుకు పో, కోర్టులో రక్షణ ఉత్తర్వు అడుగు అని ఒక్క మెసేజ్? ఆ పిల్ల ఆ రోజే గది మారేది.

గాంధీనగర్‌లో ఉండే ఒక లాయరమ్మ దగ్గరికి పోయి మొత్తం చెప్పిన. ఆమె నడుమ ఒక్కసారి గూడ అడ్డం రాలేదు. చివరికి నాలుగు మాటలన్నది. సమాచారాన్ని సరిగ్గ కాపాడని కంపెనీని నష్టపరిహారం అడగడానికి అప్పటి చట్టంలోనే వీలుండె, కాని ఇన్నేండ్ల తర్వాత గడువు దాటిపోయిందంటరేమో, వాదించి చూడాలె. ఆమె మొగుడి మీది కేసు నడుస్తుంటే మాత్రం మీ సాక్ష్యం ఇప్పటికీ పనికొస్తది. మీరు ప్రమాణపత్రం ఇస్తే అది మీ మెడకే చుట్టుకోవచ్చు, ఆలోచించుకోండి అన్నది.

ఆలోచించుకోలేదు. ఇన్నేండ్లు చేసింది ఆ పనే కదా. సంతకం పెట్టిచ్చిన.

అక్కడి నుంచి నేరుగ నారాయణగూడ పోయిన. ఈసారి వెనక గల్లీ పట్టలేదు. స్వప్న అదే దుకాణంలో ఉన్నది, చీరలు మడత పెడుతున్నది. నన్ను గుర్తుపట్టింది. బయటికి పిలిచి, మెట్ల మీద నిలబడి చెప్పిన. ఫైలు సంగతి, శ్రీనిధి సంగతి, అయ్యుండొచ్చు అన్న సంగతి.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

"మా బావ కోర్టులో ఏం చెప్పిండో తెలుసా మేడం? మరదలే ఫోన్ చేసి అడ్రస్ ఇచ్చింది, రాజీ చేయమన్నది అన్నడు. కేసు ఇంక నడుస్తనే ఉన్నది. అక్క ఆ మాటే నమ్మింది. అమ్మ పోయినప్పుడు గూడ నా దిక్కు చూడలేదు. శవానికి ఆ పక్క అది, ఈ పక్క నేను." నా చేతిలోని ఫోన్ దిక్కు చూపించింది. "మా మేనత్త దగ్గర దాని నంబరు తీసుకున్న. నేను చేస్తే ఎత్తదు. మీ ఫోన్ నుంచి చేయున్రి."

చేసిన. స్వప్న ఒక్కొక్క అంకె చెప్పుకుంట పోయింది. మంజుల ఎత్తింది. నేనెవరో చెప్పిన. నీ అడ్రస్ మా దగ్గర నుంచే పోయింది, నా చేతుల నుంచే పోయింది, ఆ రోజే నాకు తెలుసు, స్వప్న చెప్పలేదు అన్న. ఊపిరి తీసుకోకుండ అన్న. ఆగితే మళ్ల ఆగిపోతనని భయం.

కట్ చేస్తదనుకున్న.

"స్వప్న మీ దగ్గరున్నదా?"

"ఉన్నది."

"ఫోన్ దానికియ్యున్రి."

ఇచ్చిన. స్వప్న మెట్ల మీద కూర్చొని, ఫోన్ చెవికి ఆనించుకొని, అక్కా అన్నది. నేను దూరం జరిగి నిలబడ్డ. శానా సేపటికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. నా మొహం చూడలేదు. దుకాణంలకు పోయింది.

మంజుల నన్ను మళ్ల ఏమీ అడగలేదు. క్షమించమని నేను గూడ అడగలేదు, అడిగే హక్కు ఎక్కడిది? రేపు కోర్టు పిలుస్తది, ఆమె మొగుడి వకీలు నన్ను అబద్ధాలకోరంటడు, అది గూడ సగం నిజమే. ఆమె పోగొట్టుకున్న పరీక్ష తిరిగి రాదు. తల్లి శవం దగ్గర ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకొని ఏడ్వాల్సిన ఏడుపు తిరిగి రాదు. అవన్నీ నా ఖాతాలోనే ఉంటయి.

కాని ఆ మెట్ల మీద నిలబడి, ఉన్న నిజం నా నోటితో నేనే అన్న. ఇప్పుడు మీకు గూడ చెప్పిన. ఇన్నేండ్లకు, కూర్చున్న చోటు నుంచి లేవాలనిపించడం లేదు.