రొట్టె పెట్టిన ఆమె బూట్లు

కేసముద్రం స్టేషన్లో రైలు గంట ఆలస్యమన్నారు. బెంచీ మీద నా పక్కన కూర్చున్న యాభై ఏళ్ల ఆమె కాళ్లకు మగవాళ్లు పనిలో వేసుకునే మందపాటి బూట్లున్నాయి. ఎదుటివాళ్లు చూసి నవ్వుకుంటున్నా పట్టించుకోకుండా గుడ్డ మూట విప్పి, జొన్నరొట్టె తుంచి సగం నాకిచ్చింది.

"తిను తమ్మీ. పిండిల వేన్నీళ్లు పోసి పిసికిన, పొద్దూకేదాంక మెత్తగనే ఉంటది."

నిజంగానే మెత్తగా ఉంది. తింటూ, ఆ బూట్లు బరువుగా ఉండవా అని అడిగాను.

"మొదాల ఉంటయి, తర్వాత అలవాటయితది. పోయినేడు పత్తిచేన్ల పాము కరిసింది. పది దినాలు దవాఖానల ఉన్న. బతికొచ్చినంక ముందుగాల గివే కొన్న. మా తండంత నవ్విండ్రు. నవ్వనీ. ఇప్పుడు భయం లేకుంట కలుపు తీస్తున్న."

ఇంకో ముక్క తుంచుకుంటూ అడిగింది: "మీ ఇంట్ల చేనుకు ఎవలు పోతరు?"

"నా భార్య."

"కాళ్లకేం ఏసుకుంటది?"

పన్నెండేళ్ల కాపురంలో ఎప్పుడూ గమనించలేదు. ఆమె మిగిలిన రొట్టె మూట కట్టుకుని, రైలు రాగానే ఆడవాళ్ల పెట్టె వైపు వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే ఇదంతా నా భార్యకు చెప్పి, పాదం కొలత కావాలన్నాను. చాలాసేపు నవ్వింది. తర్వాత పాత పేపరు మీద కాలు పెట్టి, "గీసుకో" అంది. పెన్సిలుతో గీస్తుంటే అరికాలి అంచున ముళ్లు గుచ్చుకుని మానిన మచ్చలు కనిపించాయి.

"ఇదెప్పటిది?" అని అడిగాను.

"ఏది?" అంది.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను.