నేపాల్ జీపు, ఈశాన్యం గేటు

ఈ కథలో ప్రాణనష్టం లేదని ముందే మనవి చేస్తున్నాను. జరిగిన నష్టమంతా ఒక గేటు స్తంభానికి, ఒక పాత జీపుకి, నా పరువుకి. మొదటి రెండూ తర్వాత బాగుపడ్డాయి.

గరివిడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో జీవితమంతా పనిచేసి రిటైరైన ఆమదాలవలస మనిషిని నేను. ఏ నట్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. మీసాలు రాకముందు నుంచీ డైరీ రాస్తున్నాను. ఇలాంటి మనిషి తప్పు చేయడని మీరు అనుకోవచ్చు. చేస్తాడు. కాకపోతే అందరిలా తొందరపడి చేయడు. నెలల తరబడి, టేపు పట్టుకుని, పెన్సిలుతో గీతలు గీసుకుని, ఒక పద్ధతి ప్రకారం చేస్తాడు.

మా ఆవిడ అప్పలనరసమ్మకు నేపాల్‌లో పశుపతినాథుణ్ణి చూడాలని పెళ్ళైన కొత్తలోనే కోరిక పుట్టింది. "స్టోర్సులో సరుకు తనిఖీ అయ్యాక వెళ్దాం" అన్నాను. సరుకు తనిఖీ ఏటేటా వచ్చేది, నేపాల్ ఏటేటా వెనక్కి పోయేది. నేను రిటైరైన మర్నాడు ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగా పెట్టి అడిగింది.

"ఇంకేటి తనికీ సెయ్యాలండీ? నన్నా?"

ఇంత మాట పడ్డాక రైలు టిక్కెట్టు కొంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్ళ ఆలస్యానికి తగ్గట్టు ఏదో ఘనంగా చేయాలని నాకు పూనకం వచ్చింది. "రైల్లో అందరూ వెళ్తారు. మనం సొంత జీపులో వెళ్దాం. నాలుగు చక్రాలూ లాగే జీపు. కొండలెక్కేది!" అన్నాను.

పాపం, ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకోలేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. "రైలూ గాదు, ఇమానం గాదు. మా ఆయన జీపు తోలతారు, నాను పక్కన కూకుంతాను." ఆ మాట వీధంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే వచ్చేసరికి మేం మానస సరోవరం దాకా వెళ్తున్నట్టు తయారైంది. ఇక వెళ్ళకపోతే ఆవిడకు ఆమదాలవలస చుట్టుపక్కల ఏ పేరంటంలోనూ తలెత్తుకునే పరిస్థితి లేదు.

జీపు దొరికింది. మా బావమరిది రాంబాబుది భోగాపురం. అక్కడ సముద్రపు ఒడ్డున ఎండు చేపలు మోసి మోసి అలసిపోయిన జీపొకటి ఉందంటే వెళ్ళి చూశాను. రంగు ఏమిటో చెప్పడం కష్టం. తుప్పు ఎక్కడ ముగిసి జీపు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ఇంకా కష్టం. అయినా దాన్ని చూడగానే నాకు ప్రేమ పుట్టింది. ఆ వయసులో పుట్టకూడని చోట ప్రేమ పుడితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

జీపు మా ఇంటికి వచ్చిన రోజు దాని వెనకే మా వీధి పిల్లులన్నీ వచ్చాయి.

"పశుపతినాథుడి కాడికి ఎండు నెత్తళ్ళ కంపుతో ఎల్తామేటండీ?" అంది మా ఆవిడ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

కంపు పోగొట్టడానికి నేనొక పద్ధతి పెట్టాను. మొదట చింతపండు పులుసుతో తోమించాను. తర్వాత పసుపు నీళ్ళు పోయించాను. ఎండలో పెట్టాను. సాయంత్రానికి జీపు అచ్చంగా చేపల పులుసు వాసన కొట్టింది. పిల్లులు బంధువుల్ని కూడా పిలుచుకొచ్చాయి.

విజయనగరం నుంచి మెకానిక్ సింహాచలాన్ని రప్పించాను. అతను బానెట్ ఎత్తి, లోపలికి చూసి, తృప్తిగా తలాడించాడు.

"హిమాలయాలేటి బాబూ! ఈ బండి ఎక్కడికైనా ఎల్తాది."

"బ్రేకులు పడటం లేదయ్యా."

"ఎల్లడానికి బ్రేకులెందుకు బాబూ?"

ఈ ధోరణిలో పని నెలలు సాగింది. క్లచ్ బాగైతే గేరు పెట్టె మొండికేసేది. గేరు పెట్టె దారికొస్తే రేడియేటర్ కన్నీళ్ళు పెట్టుకునేది. చివరికి సింహాచలం నాలుగు చక్రాలూ విప్పి, "కొండకి ఈ టైర్లు సాలవు బాబూ. ఎడల్పువి ఏయించి తెస్తాను" అని విజయనగరం పట్టుకుపోయాడు. జీపు ఇటుకల మీద కూర్చుంది, పీట మీద పెళ్ళికొడుకులా, కదలకుండా.

అప్పుడు రంగంలోకి దిగాడు మా రాంబాబు.

"బావా, ఇన్ని అడ్డాలు ఒకదానెనకాల ఒకటి వస్తన్నాయంటే జీపులో లోపం నేదు. మీ ఇంట్లో ఉన్నాది."

"మీ అక్కనేనా అంటున్నావు?"

"అప్పని గాదు బావా! వాస్తు! సిద్ధాంతి గారిని తెస్తానుండు."

సిద్ధాంతి గారు వచ్చారు. మా గేటు ముందు నిలబడి, దిక్సూచి తీసి చూసి, ఎవరో పోయినంత బాధగా నిట్టూర్చారు.

"నైరుతిలో గేటా! ఈ గేటున్నంత కాలం మీకు దూరప్రయాణం లేదు. దీన్ని మూసెయ్యండి. ఈశాన్యంలో తెరవండి. తెరిస్తే మీ దంపతులకు విదేశీయానం తథ్యం. రాసి పెట్టుకోండి."

రాసి పెట్టుకోవడం నాకు చెప్పాలా? ఆ రాత్రే డైరీలో రాశాను.

మా ఆవిడ మాత్రం, "గేటు మారిస్తే గేరు పడతాదేటండీ?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఇప్పుడు తలుచుకుంటే బంగారం లాంటి ప్రశ్న. అప్పుడు నేను, "నీకు శాస్త్రం తెలీదు, ఊరుకో" అన్నాను.

నైరుతి గేటు పీకించి అక్కడ గోడ కట్టించేశాను. ఈశాన్యం మూల ఒక వైపు నీళ్ళ ట్యాంకు, మరో వైపు పొరుగువారి గోడ. మధ్యలో ఉన్న జాగాలోనే గేటు రావాలి. ఇక్కడే, పాఠకులారా, నా పద్ధతి ఎంత గొప్పదో గమనించండి. నేను తాపీమేస్త్రీ మాట మీద ఆధారపడలేదు. స్వయంగా టేపు తీసుకుని జీపును కొలిచాను. ఈ మడ్‌గార్డు అంచు నుంచి ఆ మడ్‌గార్డు అంచు దాకా. ఎందుకైనా మంచిదని మళ్ళీ కొలిచాను. రెండు సార్లూ ఒకే కొలత వచ్చింది. అటో బెత్తెడు, ఇటో బెత్తెడు వదిలి స్తంభాలు కట్టమన్నాను.

జీపు ఇటుకల మీదే ఉంది. చక్రాలు విజయనగరంలో ఉన్నాయి. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. తెలిసి కూడా కొలిచాను.

స్తంభాలు ఆరాక సింహాచలం కొత్త చక్రాలు తెచ్చి బిగించాడు. అబ్బో, ఏం చక్రాలవి! ఏనుగు పాదాల్లా ఉన్నాయి. మడ్‌గార్డులు దాటి రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చాయి. మా ఆవిడ జీపును చూసి, గేటును చూసి, మళ్ళీ జీపును చూసింది.

"ఏటండీ, గేటు సిన్నదైపోయినట్టు లేదేటి?"

"రెండు సార్లు కొలిచాను."

"ఒకపాలి బయటికి తీసి సూడండి మరి."

తీసి చూసేవాణ్ణే. కానీ సిద్ధాంతి గారి ఆజ్ఞ ఒకటుంది. కొత్త గేటులోంచి బండి మొదటిసారి దాటడం ముహూర్తానికే జరగాలి. ముందు దాటితే ఫలం పోతుంది. అందుకని పెరట్లో కొబ్బరిచెట్ల చుట్టూ, గానుగెద్దులా, జీపును తిప్పి తిప్పి పరీక్షించాను. అద్భుతంగా నడిచింది. బ్రేకులు కూడా పడ్డాయి.

బయల్దేరే రోజు వచ్చింది. సాగనంపడానికి చుట్టాలు పొద్దున్నే దిగారు. పెరడు నిండిపోయింది. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని, వెనక సీటు నిండా ఆవకాయ జాడీలూ అటుకుల డబ్బాలూ సర్దించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. సిద్ధాంతి గారు గడియారం చూసి, "ఆఁ, ఇప్పుడు!" అన్నారు.

మా ఆవిడ వీధిలో నిలబడి చూడాలనుకుంది. కానీ నేనే ఆపాను. "లోపలే ఎక్కు. గేటు దాటేటప్పుడు నువ్వు పక్కనుండాలి" అన్నాను. ఎక్కింది. పెళ్ళినాడు కూడా అంత సంతోషంగా నా పక్కన కూర్చోలేదు.

నిమ్మకాయలు చిట్లాయి. జీపు సింహంలా గర్జించి ముందుకు వెళ్ళింది. ముక్కు గేటులో దూరింది. దీపాలు దూరాయి. చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కర్రుమని ఒక చప్పుడు వచ్చి, జీపు ఆగిపోయింది.

"ఏటైనాది బావా?" రాంబాబు వెనక నుంచి అరిచాడు.

"ఏం లేదు, కొంచెం ఒరుసుకుంటోంది."

ఇలాంటి సమయంలో తెలివైనవాడు వెనక్కి తీస్తాడు. నేనేం చేశానంటే, హిమాలయాల కోసం దాచుకున్న అస్త్రాన్ని బయటికి తీశాను. నాలుగు చక్రాల మీటను లాగి, చిన్న గేరు వేసి, యాక్సిలేటర్ అదిమాను. ఆ జీపుకు అంత బలం ఉందని నాకే తెలియదు. రెండు స్తంభాల మధ్యకి తనను తాను మేకులా దిగ్గొట్టుకుంది. ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఒక స్తంభం బీటలిచ్చి, జీపు మీదకి ఒరిగి, దాన్ని ఆప్యాయంగా పట్టుకుంది.

"గాలి తీసెయ్ బావా! టైర్లు సన్నబడతాయి," అన్నాడు రాంబాబు.

గాలి తీశాం. టైర్లు సన్నబడలేదు. పొట్టలు జారి ఇంకా వెడల్పయ్యాయి.

"పోనీ సక్రాలు ఇప్పెయ్ బావా!"

"విప్పితే గేటు దాటుతుందిరా. కానీ చక్రాల్లేకుండా నేపాల్ ఎలా వెళ్తుంది?"

అంతలో పెరట్లోంచి ఒక పెద్దావిడ గొంతు వినబడింది. "ఒరే బాబూ, నాను ఇంటికెల్లాల. గేదె పాలు తియ్యాల. దారేదిరా?"

అప్పుడు వెలిగింది అందరికీ. పాత గేటు గోడైపోయింది. కొత్త గేటులో జీపు ఉంది. సాగనంపడానికి వచ్చిన వాళ్ళందరూ లోపలే ఉన్నారు. సిద్ధాంతి గారితో సహా!

పెరట్లో గొడవ మొదలైంది. "నేపాల్ పంపించడానికొస్తే మనల్నే బందెలదొడ్డిలో పెట్టీసాడ్రా!" అని ఒకరు. "మజ్జిగైనా పొయ్యండి, ఎప్పుడెల్తామో ఏటో" అని ఇంకొకరు. నేను స్టీరింగు పట్టుకుని నేరుగా ముందుకే చూస్తూ కూర్చున్నాను. ముందు వీధిలో మా పిల్లులు కూర్చుని నన్ను చూస్తున్నాయి.

మా ఆవిడ జీపు ముందు అద్దాన్ని వేలితో తట్టి చూసింది. నెమ్మదిగా అడిగింది.

"ఈ అద్దం పడుకుంటాదా?"

పాత జీపుల్లో ముందు అద్దం మరలు విప్పితే బానెట్ మీదకి వాలిపోతుంది. "పడుకుంటుంది" అన్నాను.

"పడుకోబెట్టండి."

పడుకోబెట్టాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, సీటు మీద నిలబడి, బానెట్ మీదకి అడుగేసి, బంపర్ మీదకి దిగి, అక్కణ్ణుంచి వీధిలోకి దూకింది. దూకి, వెనక్కి తిరిగి, "ఒరే రాంబాబూ, నా బేగ్ అందుకో. ఆవకాయ జాడీ పైలం. ఆటో పిలు. రైలుకి ఎల్లిపోదుం," అంది.

"అప్పా! టిక్కెట్లు నేవు గదే!"

"నిలబడి ఎల్తాను. నిలబడ్డం నాకు కొత్తేటి?"

ఆ మాట నాకు తగిలిన చోటు ఇప్పటికీ నొప్పెడుతుంది. నేనూ సీటెక్కి, బానెట్ దాటి, ఆవిడ వెనకే దూకాను. మా వెనక చుట్టాలంతా బారులు తీరారు. వెనక నుంచి ఎక్కడం, ముందు నుంచి దిగడం. గేదెల పెద్దావిడను నలుగురు పట్టుకుని దాటించారు. చివరగా పంచె అంచు నోట కరుచుకుని సిద్ధాంతి గారు దాటారు. మా ఆటో మలుపు తిరిగే దాకా ఆ ఊరేగింపు సాగుతూనే ఉంది.

ఆమదాలవలసలో రైలెక్కాం. బండ్లు మారాం. కొంత దూరం నిలబడ్డాం, కొంత దూరం మూటల మీద కూర్చున్నాం. ఆవకాయ పుణ్యమా అని బోగీ అంతా మా స్నేహితులైపోయారు. పశుపతినాథుడి గుడి ముందు మా ఆవిడ చేతులు జోడించి నిలబడినప్పుడు ఆవిడ ముఖం చూశాను. అది చూడ్డానికి జీపు అక్కర్లేదు. ఇన్నేళ్ళ ముందే ఏ సెకండ్ క్లాసు టిక్కెట్టుతోనైనా చూసి ఉండొచ్చు. నవ్వుల కథలో ఈ మాట ఎందుకంటారా? నిజం కాబట్టి రాశాను. ఇక నవ్వుకోండి.

తిరిగొచ్చేసరికి జీపు గేటులోనే ఉంది. మేం లేనన్నాళ్ళూ ఇంటికి అదే తలుపు, అదే తాళం. పాత గేటు దగ్గర కట్టిన గోడ పగలగొట్టించి, ట్రాక్టరుకు గొలుసు కట్టి, జీపును వెనక్కి లాగించాం. ఆ పని చూడ్డానికి సిద్ధాంతి గారు కూడా వచ్చారు. నేను కళ్ళెర్రజేశాను.

"ఏమండీ సిద్ధాంతి గారూ! గేటు మారిస్తే ప్రయాణం సాగుతుందన్నారు కదా?"

ఆయన తడుముకోలేదు. "సాగలేదా? దంపతులకు విదేశీయానం అన్నాను. వెళ్ళొచ్చారు. జీపు జాతకం మీరు నాకు చూపించలేదు!"

చుట్టాల ఫోన్లకు మా ఆవిడ జవాబు ఇంకా బాగుంటుంది. పక్క గదిలోంచి నా చెవులారా విన్నాను. "ఏటి, జీపులో ఎల్లేరా అనా? ముహూర్తానికి జీపెక్కేను. నేపాల్ సూసొచ్చేను. మద్దెలో ఏటైనాదో మా ఆయన్ని అడుగు."

కనుక, ఈ పెద్దవయసులో, పదిమంది ఎదుటా, చేయి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బండినీ చక్రాలు విప్పి కొలవను. ఏ శాస్త్రం చెప్పినా ఉన్న గేటు మూయను. అన్నిటికంటే ముఖ్యంగా, మా ఆవిడ ఎక్కడికైనా వెళ్దామంటే బండి సంగతి ఎత్తకుండా చెప్పులేసుకుంటాను.

ఇంతవరకూ రాసి, ప్రమాణం గంభీరంగా ఉందో లేదో తెలుసుకుందామని ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, లేచి వెళ్ళి, నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"బూటాన్," అంది.